జంగప్ప జాడ

తన పార్టీ సంగతి ఎవరెత్తినా పాండురంగం ఒకటే మాట అనేవాడు. "అది ఎప్పుడో అయిపోయిన ముచ్చట. ఇడ్సిపెట్టుండ్రి." ఆ మాట అని, అవతలివాళ్లు మళ్లీ నోరు తెరిచేలోపల వానల గురించో కందుల గురించో ఎత్తుకునేవాడు. తాండూరు బజారులో అందరికీ అది అలవాటైపోయింది. ఎమర్జెన్సీలో జైలుకు పోయివచ్చిన మనిషి, అయినా ఏనాడూ గొప్ప చెప్పుకోలేదు, దండ వేయించుకోలేదు, పదవి అడగలేదు అని ఆయన వయసువాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మెచ్చుకోలు చెవిన పడ్డ రోజు ఆయనకు అన్నం సహించేది కాదు.

అందుకే రుచిత అనే అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు కూడా అదే మాట చెప్పి పంపించేద్దామనుకున్నాడు. ఆమెది మర్పల్లి. యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. రైతు ప్రజాపక్షం ఎలా పుట్టింది, ఎమర్జెన్సీలో ఎలా బతికింది అన్నదే ఆమె పరిశోధన. ఎమర్జెన్సీకి యాభై ఏండ్లు నిండిన సందర్భంగా దాన్ని పుస్తకంగా వేస్తామని వికారాబాద్‌లో కొందరు ముందుకొచ్చారట.

"గంత చిన్న పార్టీకి పుస్తకమెందుకు బిడ్డా?" అన్నాడు పాండురంగం.

"చిన్నది కాబట్టే సార్. పెద్దోళ్ల చరిత్ర మస్తు మంది రాసిండ్రు" అంది రుచిత.

కౌసల్యమ్మ చాయ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. పెళ్లయి నలభై ఏండ్లు దాటినా భర్త జైలు రోజుల గురించి ఆమెకు తెలిసింది తక్కువే. ఈ పిల్ల అడిగితేనైనా రెండు మాటలు చెబుతాడేమోనని గుమ్మం దగ్గరే నిలబడింది.

పాండురంగం చాయ అందుకుని, "ఈసారి మృగశిర ముందే తడిపింది" అని మొదలుపెట్టాడు.

రుచిత వినీ విననట్టు ఊరుకుని, "సార్, జంగప్ప గారు దొరికిండ్రు" అంది.

ఆయన తాగకుండానే కప్పు కింద పెట్టాడు.

"బతికే ఉన్నడా?"

"మంచిగున్నరు. కర్ణాటకల చించోళి దిక్కు ఒక ఊర్ల వ్యవసాయం చేసుకుంటున్నరు. మొన్ననే ఫోన్‌ల మాట్లాడిన. చెవులు జర మందం, అందుకే ఫోన్‌ల అన్నీ అడగలేకపోయిన. ఆదివారం వికారాబాద్‌ల పాతోళ్లందరం కలుస్తున్నం. ఆయన భార్యతోని వస్తనన్నరు." రుచిత నవ్వింది. "ఒకటే అడిగిండ్రు సార్. పాండు వస్తడా అని."

ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూడా చాలాసేపు పాండురంగం కుర్చీలోంచి లేవలేదు. కౌసల్యమ్మ వచ్చి చల్లారిన చాయ తీసుకుపోయింది.

రైతు ప్రజాపక్షం నిజంగానే చిన్న పార్టీ. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో మేడ మీద ఒక గది, ఒక బెంచీ, గోడకు ఒక పచ్చ జెండా. అందరూ వకీల్ సాబ్ అని పిలిచే ఒక పెద్దాయన దాన్ని పెట్టాడు. కందులు పండించేవాడికి ధర, బండల గనిలో సుత్తె పట్టేవాడికి కూలి, ఈ రెండే ఆయన మాటలు. నాలుగైదు పంచాయతీలు గెలిచారు. అసెంబ్లీకి నిలబడితే డిపాజిట్ దక్కించుకున్నారు, అది కూడా పండగలా చేసుకున్నారు. గెలిచేవాళ్లకు భయపడని నలుగురు ఎక్కడ కలిసినా అక్కడ ఆ పార్టీ ఉన్నట్టే లెక్క.

పాండురంగం అందులో చేరేటప్పటికి డిగ్రీ చదువుతున్నాడు. తాండూరులో వాళ్ల నాయనకు కిరాణా దుకాణం, కందుల వ్యాపారం. వ్యాపారస్తుల పిల్లవాడికి ఈ జెండాలెందుకని ఇంట్లో గొడవ. అతన్ని పార్టీలోకి లాక్కొచ్చింది జంగప్ప. సరిహద్దు ఊళ్లో రైతు బిడ్డ, గనుల్లో కూలీలను కూడగట్టినవాడు, నాలుగైదేండ్లు పెద్దవాడు. సైకిల్ మీద వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లు తిప్పేవాడు. మైకు లేకుండా ఊరంతా వినబడేలా మాట్లాడేవాడు. తెలుగులో మొదలుపెట్టి, కోపం వస్తే కన్నడలోకి, నవ్వు వస్తే ఉర్దూలోకి పోయేవాడు. పాండురంగానికి సొంత అన్న లేడు. ఆ లోటు జంగప్ప తీర్చాడు.

ఎమర్జెన్సీ వచ్చింది. వకీల్ సాబ్‌ను కోర్టుకు పోయే దారిలోనే పట్టుకుపోయారు. మేడ మీది గదికి తాళం వేసి ముద్ర కొట్టారు. పత్రికలు ఏం రాయాలన్నా పైవాళ్లకు చూపించి రాయాల్సిందే. నిన్నటిదాకా జెండా మోసినవాళ్లలో కొందరు పాలకుల పార్టీ వైపు నడిచారు, కొందరు బంధువుల ఊళ్లకు పోయారు, కొందరు ఎదురుపడితే తల తిప్పుకున్నారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఇంటిమీదికి వచ్చిన భయం అది.

జంగప్ప మాత్రం పార్టీ ఆఫీసులోని సైక్లోస్టైల్ మిషన్‌ను ముందే మాయం చేశాడు. తాండూరుకూ బషీరాబాద్‌కూ మధ్య మూతబడ్డ ఒక బండల గని ఉంది. దాని పక్కన కాపలావాడు వదిలేసిపోయిన గుడిసె. అందులో మిషన్ పెట్టి, అక్కడే ఉంటూ, వారానికొక కాగితం అచ్చువేసేవాడు. ఎవరిని పట్టుకుపోయారు, ఏ ఊరి మీద ఏ జులుం జరిగింది, పేపర్లలో రానిదంతా అందులో ఉండేది. ఆ గుడిసె జాడ వకీల్ సాబ్ కాక తెలిసింది పాండురంగానికి ఒక్కడికే. వకీల్ సాబ్ అప్పటికే జైలులో ఉన్నాడు. పాండురంగం కాగితాలను కందుల సంచి అడుగున పెట్టి, రైల్లో వికారాబాద్ తీసుకుపోయి పంచేవాడు. దుకాణదారు కొడుకు సంచి మోసుకుపోతే ఎవరు అనుమానిస్తారు?

కొన్ని నెలలు ఎవరూ అనుమానించలేదు. ఒకరోజు వికారాబాద్ స్టేషన్‌లో సంచి కుట్టు ఊడి కందులు ప్లాట్‌ఫారం మీద కారాయి. వాటితోపాటు ఒక కాగితం కూడా జారింది.

అతన్ని ఏ ఠాణాకు తీసుకుపోయారో పాండురంగం తర్వాత ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఒకటే ప్రశ్న. జంగప్ప ఎక్కడ? మొదటి రోజు తను ఏమీ చెప్పలేదని ఆయనకు బాగా గుర్తు. పళ్లు కరిచిపట్టుకుని, నాయన దుకాణంలోని డబ్బాలను వరసగా తలుచుకుంటూ గడిపాడు. మర్నాటికి ఒళ్లు కాలిపోయేంత జ్వరం. ఎవరో నీళ్లు తాగించారు. ఎవరో చెవి దగ్గర చాలా మెత్తగా, తల్లి అడిగినట్టు, ఏదో అడుగుతూనే ఉన్నారు. తను కూడా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో తెలియదు. ఆ భాగమంతా తడిసిన గోడమీది సున్నంలా ఊడిపోయింది.

కండ్లు తెరిచేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒంటిమీద కంబళి కప్పి ఉంది. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడి, "చాయ తాగు. ఇగ నీతోని పనిలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం జంగప్పను బేడీలతో వరండాలోంచి నడిపించుకుపోయారు. ఒక పక్క చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. అంగీ ముందుభాగమంతా నెత్తురు. కటకటాల వెనక ఉన్న పాండురంగాన్ని చూసి ఏదో అనబోయాడు. నోరు కదిలింది గానీ మాట రాలేదు. పోలీసులు ముందుకు తోశారు.

అంతే. జంగప్పను వేరే జిల్లా జైలుకు పంపారు. పాండురంగాన్ని ఇంకో జైలుకు పంపారు. అక్కడ ఉండగానే జంగప్ప తల్లి పోయిందని, కొడుకును చివరిచూపుకు కూడా వదల్లేదని తెలిసింది. "పాండురంగాన్ని పట్టుకున్నంకనే జంగప్ప దొరికిండు" అని బ్యారక్‌లో ఎవరో అన్నారు. ఆ అన్న మనిషికి వేరే ఉద్దేశం లేకపోవచ్చు. పాండురంగం మాత్రం ఆ రోజు నుంచి నలుగురితో కలిసి కూర్చోవడం మానేశాడు.

ఎన్నికలు ప్రకటించి అందరినీ వదిలాక, రైతు ప్రజాపక్షం ఒక పెద్ద పార్టీలో కలిసిపోయింది. పచ్చ జెండా మడతపెట్టేశారు. ఒకరోజు జంగప్ప తాండూరు దుకాణానికి వచ్చాడు. పాండురంగం వెనకగదిలో బస్తాల చాటుకు పోయి, ఊర్లో లేనని గుమాస్తాతో చెప్పించాడు. జంగప్ప గొంతు వినబడింది. "వచ్చిపోయిన్నని చెప్పు." మళ్లీ రాలేదు.

అడగవలసిన మాట ఒకటే. నేను చెప్పిన్నా? ఆ మాటకు జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కడే. అడిగితే చెబుతాడు. అవునంటే ఆ తర్వాత ఎలా బతకాలి? అందుకే అడగలేదు. పెళ్లి చేసుకున్నాడు, వ్యాపారం పెంచాడు, పప్పు మిల్లు పెట్టాడు, కొడుకును చదివించాడు. అన్నీ చేస్తూనే ఆ మాటను మాత్రం ముట్టుకోకుండా దాటుకుంటూ వచ్చాడు.

ఆదివారం పొద్దున కొడుకు అనిల్‌కుమార్ మిల్లుకు బయలుదేరుతుంటే పాండురంగం తెల్ల అంగీ వేసుకుని వచ్చి కారు దగ్గర నిలబడ్డాడు.

"వికారాబాద్ దాంక తోల్కపోతావురా?"

అనిల్ ఆశ్చర్యం దాచుకుని తలుపు తెరిచాడు. ధారూర్ దాటారు. దారికి ఇరుపక్కలా దుక్కి దున్నిన నేల తడిసి నల్లగా ఉంది. అనంతగిరి గుట్టల మీద మబ్బు కిందికి దిగి ఉంది.

"ఒక మనిషిని ఒక మాట అడగాలె" అన్నాడు ఉన్నట్టుండి. ఆ తర్వాత సంచి కుట్టు ఊడిన దగ్గర నుంచి చెంప ఉబ్బిన జంగప్ప దాకా, అద్దంలోంచి బయటికి చూస్తూనే, అంతా చెప్పాడు. తన జీవితంలో ఈ కథ బయటికి రావడం అదే మొదలు. గొంతు వణకకుండా వచ్చినందుకు ఆయనకే వింతగా ఉంది.

అనిల్ కారు పక్కకు తీసి ఆపాడు.

"నాన్నా, గట్ల కొట్టినంక, జ్వరంల ఒక మాట జారినా నిన్ను ఎవరేమంటరు? నువ్వెందుకు గింత పరేషాన్ అయితున్నవ్?"

"ఎవరన్న ఏమన్న అంటరని కాదురా. చెప్పిన్నో లేదో నాకు ఎరుకలేదు. నా నోట్లకెళ్లి ఏమొచ్చిందో నాకే ఎరుకలేకుండ ఇన్నేండ్లు బతికిన. ఇగ చాలు. ఏదైతే అదైతది."

అనిల్ తండ్రి మోకాలి మీద చేయి వేసి, ఒకసారి నొక్కి, మళ్లీ కారు కదిలించాడు.

వికారాబాద్‌లో ఫంక్షన్ హాల్ పై అంతస్తులో కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్లు పదిహేనుమంది ఉంటారేమో. సగంమంది అప్పటివాళ్ల పిల్లలు. వకీల్ సాబ్ ఫొటోకు దండ వేశారు. రుచిత ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అందరి ముందూ తిరుగుతోంది.

పాండురంగం లోపలికి అడుగుపెట్టగానే కిటికీ పక్క కుర్చీలోంచి ఒక ముసలాయన లేచాడు. నడుము వంగింది, తలకు తెల్ల రుమాలు, చేతిలో కర్ర. మనిషి మారిపోయాడు, గొంతు మారలేదు.

"పాండూ!"

హాలంతా అటు తిరిగింది. పాండురంగం గుమ్మం దగ్గరే ఆగాడు. జంగప్పే కర్ర ఊతంగా వచ్చి, రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు. కర్ర కిందపడింది.

"ఎంత లావైనవ్‌రా! సైకిల్ ఎనక కూసుంటే గాలికి ఎగిరిపోతవని భయపడుతుంటిని."

"అన్నా" అన్నాడు పాండురంగం. వంగి కర్ర తీసి ఆయన చేతికిచ్చాడు.

జంగప్ప అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఈమె శరణమ్మ, నా భార్య" అని పక్కనున్న ఆమెను చూపించాడు. ఎర్రంచు చీర, నుదుట విభూతి, నవ్వు ముఖం. "నా చెవులు ఈమె దగ్గరున్నయి. ఏదన్న చెప్పాలంటే ఆమెకు చెప్పు, నాకు చేరుస్తది."

"పాండన్న అంటే మీరేనా?" అంది శరణమ్మ, కన్నడ యాసతో. "దినం మీ మాటే. ఆ పోరడు ఉంటే అట్ల, ఆ పోరడు ఉంటే ఇట్ల అని."

రుచిత కుర్చీ లాక్కుని వాళ్లముందు కూర్చుంది. ఫోన్ మధ్యలో పెట్టింది. పాండురంగం ఆ ఫోన్ వైపు చూశాడు. తీసేయమని అందామనుకున్నాడు. వద్దు, ఉండనీ, ఏదైతే అదైతది అనుకుని శరణమ్మ వైపు తిరిగాడు.

"వదినా, ఒకటి అడగాలె. అన్నకు వినబడేటట్టు చెప్పు. నన్ను పట్టుకున్నంక అన్న దొరికిండు. గుడిసె జాడ నాకొక్కనికే ఎరుక. నన్ను మస్తు కొట్టిండ్రు, జ్వరం వచ్చింది. నేనేం మాట్లాడిన్నో నాకు యాదిలేదు. నేను... నేను చెప్పిన్నా?"

శరణమ్మ అర్థం కానట్టు భర్తవైపు తిరిగి, చెవిలో గట్టిగా కన్నడలో ఏదో చెప్పింది. జంగప్ప ముఖం ముందు ముడుచుకుంది. తర్వాత ఎర్రబడింది. చిన్నపిల్లవాడిలా తల వంచుకుని, "గా ముచ్చట ఇప్పుడెందుకే" అన్నాడు.

అంతే, అయిపోయింది అనుకున్నాడు పాండురంగం. అనిల్ వెనకనుంచి వచ్చి తండ్రి కుర్చీ పట్టుకున్నాడు.

"ఎందుకేంది?" అని శరణమ్మ భర్తను కసిరింది. "ఈ అన్న ఇన్నేండ్లు ఏమనుకుంటుండో చూడు! నువ్వు చెప్పకుంటే నేను చెప్త." ఆమె పాండురంగం వైపు వంగింది. "మీరేం చెప్పలే అన్నా. మా ఇంట్ల పిల్లలందరికీ తెలుసు ఈ కథ. ఈయన దొరికింది పన్ను నొప్పికి!"

"ఏంది?"

"హల్లు, హల్లు! పన్ను!" ఆమె తన దవడ మీద తట్టి చూపించింది. "దవడ పన్ను పుచ్చింది. నాలుగు దినాలు గుడిసెల పండుకోలే, తినలే. చెంప బూరె లెక్క పొంగింది. ఇగ ఓర్చుకోలేక రుమాలు చుట్టుకోని బషీరాబాద్ సంతకు పోయిండు. అక్కడ బట్ట పరుసుకోని పండ్లు పీకేటాయన కూసుంటడు. రుమాలు తీస్తేనే పీకుత అన్నడు ఆయన. తీసిండు ఈ మహానుభావుడు! ఉల్లిగడ్డలు కొననీకె వచ్చిన పోలీసు జమాను పక్కనే నిలబడ్డడు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"జమాను గుర్తుపట్టిండు," జంగప్ప అందుకున్నాడు, సిగ్గు ఇంకా పోకుండానే. "నేనుగూడ చూసిన. లేద్దామంటే పండ్లాయన పటకారు నోట్లనే ఉంది. పన్ను సగం కదిలింది. జమాను మంచోడు పాపం. పీకేదాంక ఆగిండు. అయినంకనే బేడీలేసిండు."

"నెత్తురు..." అన్నాడు పాండురంగం. "అంగీ మీద నెత్తురు. చెంప..."

"పన్నుదే" అంది శరణమ్మ.

"కొట్టలేదా నిన్ను?" అని పాండురంగం జంగప్పను గట్టిగా అడిగాడు.

"కొట్టిండ్రు, తర్వాత. ఆరోజైతే కాదు. వరండాల నిన్ను చూసి, గుడిసె భద్రం, ఫికర్ చెయ్యకు అని చెప్దామనుకున్న. నోట్ల దూది కుక్కి ఉండె. మాట రాలె."

పాండురంగానికి ఆ వరండా మళ్లీ కండ్లముందు నిలిచింది. కదిలిన నోరు, రాని మాట. తిట్టబోయాడని ఇన్నేండ్లూ అనుకున్నాడు. అయినా ఆయన మనసు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఇన్నేండ్ల అనుమానం అంత తొందరగా ఎక్కడ పోతుంది?

"అన్నా, నువ్వు సంతల దొరికినవ్, సరే. కాని నేనుగూడ గుడిసె సంగతి చెప్పిన్నేమో. వాళ్లు గుడిసెకు పోతుండంగ నువ్వు దొరికినవేమో."

శరణమ్మ ఆ మాట చెవిలో వేసింది. జంగప్ప ఈసారి నవ్వలేదు. కర్ర కుర్చీకి ఆనించి, పాండురంగం చేయి తన రెండు చేతుల మధ్యకు తీసుకున్నాడు.

"ఇను. గుడిసెకు పోలీసోళ్లు రానేలేదు. ఆ దినమే కాదు, ఎన్నడూ రాలె. నన్ను నెలంత అడిగిండ్రు మిషన్ యాడుందని. ఎరుక ఉంటే అడుగుతరా? జైలు నుంచి ఇడ్సినంక మొదలు పోయింది ఆ గుడిసెకే. తలుపుకు నేను కట్టిన తాడు అట్లనే ఉంది. మిషన్ మీద గోనె కప్పింది అట్లనే ఉంది. ఆఖరుకు అచ్చేసిన కాగితాలు చెదలు తినిపోయినయి, అంతే. నువ్వు గిన చెప్పి ఉంటే అవన్నీ ఉంటుండెనా? నీ దుకాణానికి వచ్చింది గా మాట చెప్పుదామనే. పాండూ, నువ్వు నోరు ఇప్పలేదురా, మన గుడిసె దక్కింది అని. నువ్వు ఊర్ల లేవన్నరు."

"ఉన్న. బస్తాల ఎనక ఉన్న" అన్నాడు పాండురంగం, జంగప్ప చెవి దగ్గరికి వంగి.

"తెలుసు. చెప్పులు గడప దగ్గర్నే ఉండె. పార్టీవల్ల మీ ఇంటికి మస్తు కష్టమొచ్చింది కదా, ఇగ నా ముఖం చూడొద్దనుకుంటున్నవేమో అనుకున్న. నాకుగూడ జర పౌరుషమెక్కువ. రాలేదు మళ్ల."

అప్పుడు పాండురంగం ఏడ్చాడు. అందరి ముందూ, ఏ మాత్రం దాచుకోకుండా. ఆ ఏడుపు మధ్యలోనే పండ్లాయన పటకారు, పక్కన ఉల్లిగడ్డల సంచితో నిలబడ్డ జమాను కండ్లముందుకొచ్చి నవ్వు వచ్చింది. ఒకసారి మొదలైన నవ్వు ఆగలేదు. జంగప్ప కూడా అందుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి, కుర్చీలు కిర్రుమనేలా నవ్వుతుంటే రుచిత కండ్లు తుడుచుకుంటూ ఫోన్ దగ్గరికి జరిపింది.

కాసేపటికి పాండురంగం గొంతు తగ్గించి, "అమ్మ పోయినప్పుడు నిన్ను ఇడ్వలేదని ఇన్న" అన్నాడు.

శరణమ్మ చెవిలో వేయగానే జంగప్ప ముఖంలోని నవ్వు నెమ్మదిగా తగ్గింది. "అవు. అదొక్కటి నాకు మిగిలిపోయింది. ఆ పన్ను ఇంకో వారం ఓర్చుకుంటే ఏమైతుండె అని కొన్నేండ్లు అనుకున్న. కాని అమ్మ దగ్గరికి పోనియ్యనిది పన్ను కాదు కదా, వాళ్లు. అది నువ్వు మోయకు, నేనుగూడ మోస్తలేను."

శరణమ్మ ఆయన రుమాలు అంచు సరిచేసింది.

"సార్," అంది రుచిత మెల్లగా, "గుడిసె సంగతి నేను రాసుకున్నది తప్పయింది. మిషన్ పోలీసులకు దొరికిందనే ఇప్పటిదాంక అందరూ చెప్పిండ్రు. అక్కడితోనే పక్షం పని ఆగిపోయిందని రాసిన."

"ఎవరు చెప్పిండ్రు?" భార్య ఆ మాట అందించగానే జంగప్ప కర్ర నేలకు తాటించాడు. "మిషన్ చించోళిల బడికి ఇచ్చిన. ఎన్ని ఏండ్లు పిల్లల పరీక్ష కాగితాలు దానిమీదనే అచ్చేసిండ్రో! రాసుకో బిడ్డా. పక్షం మిషన్‌ను ఎవడు పట్టలేకపోయిండు."

భోజనాలయ్యాక ఎవరి దారిన వాళ్లు బయలుదేరుతుంటే, పాండురంగం జంగప్ప దంపతులను వదల్లేదు. ఇవ్వాళ తాండూరులో ఉండాల్సిందే, రేపు పొద్దున అనిల్ చించోళిలో దింపుతాడు అన్నాడు. కారులో ముసలివాళ్లిద్దరూ వెనక కూర్చున్నారు. శరణమ్మ ముందు కూర్చుని మాటమాటకూ వెనక్కి తిరిగి, భర్తకు వినబడనివి అందిస్తూ వచ్చింది. మొదటి మీటింగ్ దౌల్తాబాద్‌లో జరిగిందని జంగప్ప, కాదు కొడంగల్‌లో అని పాండురంగం. ధారూర్ వచ్చేసరికి గొంతులు పెరిగాయి. అనిల్ అద్దంలోంచి చూశాడు. తండ్రి వేలు ఊపుతూ, ఉమ్మి తుంపరలు పడేలా వాదిస్తున్నాడు. ఆ మనిషిని అతను ఎన్నడూ చూడలేదు.

ఇంకా పొద్దుండగానే ఇల్లు చేరారు. కౌసల్యమ్మ గేటు దగ్గరికి వచ్చింది. భర్త ఎవరో ముసలాయన చేయి పట్టుకుని దించుతున్నాడు. కండ్లు వాచి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఎవరు?" అని కొడుకును అడిగింది.

"జంగప్ప గారు అమ్మా. నాన్న పార్టీ దోస్తు."

కౌసల్యమ్మ చేతిలో నీళ్ల చెంబు అలాగే పట్టుకుని ఆగిపోయింది. తర్వాత దగ్గరికి వచ్చి, ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నువ్వేనా అన్నా జంగప్పవు? పెండ్లయినప్పటి సంది ఈయన నిద్రల నిన్నే పిలుస్తడు. 'జంగప్పా, లెవ్వు, వస్తున్నరు, ఉరుకు' అంటడు. ఎవరో ఏమో అని నేను అడగలేదు. అడిగితే పగలు గూడ బాధపడ్తడేమోనని."

శరణమ్మ ఆ మాటను భర్త చెవిలో వేసింది. జంగప్ప పాండురంగం వైపు తిరిగాడు.

"ఇన్నవా? జ్వరంల నువ్వేం మాట్లాడినవో ఇప్పుడు ఎరుకైందా?" అన్నాడు.

పాండురంగం భార్యవైపు చూశాడు. ఇన్నేండ్లు పక్కనే ఉన్న మనిషికి, తను అడగడానికి భయపడ్డ జవాబు సగం తెలిసే ఉంది. ఆమె చేతిలోని చెంబు అందుకుని జంగప్ప కాళ్లమీద తనే నీళ్లు పోశాడు.

"లోపటికి రాండ్రి" అంది కౌసల్యమ్మ. "జొన్నరొట్టెలు చేస్త. ఏం కథనో నాకుగూడ మొదటిసంది చెప్పాలె ఇయ్యాల."

"చెప్త" అన్నాడు పాండురంగం. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు. "ముందు ఈయన సైకిల్ సంగతి ఇను. దానికి బ్రేకులు లేకుండె..."

"ఉండె!" అన్నాడు జంగప్ప గుమ్మంలోంచి. ఆ ఒక్కమాట శరణమ్మ చెప్పకుండానే ఆయనకు వినబడింది.